పుట్టింటికొచ్చిన నీలం కారు

ఫిబ్రవరి 4

మామయ్యకి,

అత్తయ్య కంటి ఆపరేషను బాగా జరిగిందని అమ్మ చెప్పింది. నేను రాలేకపోయాను. సెలవు దొరకలేదని అమ్మతో అన్నాను గానీ, నిజానికి నేను అడగనే లేదు. నీకు మాత్రం అబద్ధం రాయబుద్ధి కావడం లేదు. సరిగ్గా ఆ వారమే ఆఫీసులో నాకు మొదటి సొంత ఫైలు ఇచ్చారు. ఎక్కడ వెనక్కి తీసుకుంటారోనని కుర్చీ వదిలి లేవలేదు. అత్తయ్యకి నేనే వచ్చి చెప్పుకుంటాను, అంతవరకూ నువ్వు కాస్త సర్దిచెప్పు.

ఫోన్ చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. కిందటిసారి పావుగంట అరిచాను. నా కబుర్లన్నీ పక్క గదిలోవాళ్లకి తెలిశాయి, నీకు తప్ప.

ఇంతకీ ఆ ఫైలు దేనిదనుకున్నావు? మీ షెడ్డులో చేసే స్పోర్ట్స్ కారుదే. మా ఆఫీసు ఏటా ఒక పుస్తకం వేస్తుంది కదా, ఏ కారులో కూర్చుంటే ప్రాణానికి ఎంత భద్రమో చెబుతూ ఒక్కో కారుకీ ఒక్కో పేజీ. మామూలు కార్లయితే నాలుగైదు కొని గోడకేసి గుద్ది చూస్తారు. ఏడాదికి నలభై చేసేవాళ్ల దగ్గర ఐదు కొని పగలగొడితే మీరూ మేమూ కలిసి దివాలా తీయాల్సిందే. అందుకని చిన్న కంపెనీలకి ఆ పరీక్ష లేదు. ఇన్నేళ్లలో రోడ్డు మీద ఎన్ని తిరిగాయి, ఎన్ని గుద్దుకున్నాయి, ఎవరికి ఎంత దెబ్బ తగిలింది, ఆ చరిత్ర చూసి తీర్పు రాయాలి. పేజీ చివర 'చాలా మంచిది', 'మంచిది', 'ఫరవాలేదు', 'జాగ్రత్త' అని నాలుగు గడులుంటాయి. ఐదోది 'చెప్పలేం'. సమాచారం చాలకపోతే అక్కడ టిక్కు పెట్టాలి. ఆ గడి ఎవరైనా వాడగా నేను చూడలేదు. మొదటి ఫైలుకే అక్కడ టిక్కు పెడితే నాకు పని చేతకాలేదనుకోరూ?

ఇంకో సంగతి. నువ్వు అక్కడే పనిచేస్తావని మా మేడమ్‌కి చెప్పలేదు. చెబితే ఫైలు పక్క బల్లకి పోతుంది. బళ్లో చదివే రోజుల్లో మా మామయ్య ఇంజనీరని గొప్పలు పోయేదాన్ని, నీకు తెలిసి కూడా నవ్వి ఊరుకున్నావు. ఇప్పుడు నాకసలు మామయ్యే లేడన్నట్టు కూర్చున్నాను. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది. అయినా చెప్పను.

ఇప్పటికి మొత్తం ఎన్ని కార్లు బయటికి వెళ్లాయో, వాటి కష్టసుఖాలేమిటో రాయి.

నీ పిట్ట


ఫిబ్రవరి 12

పిట్టా,

మీ అత్త కన్ను బాగుంది. కట్టు విప్పగానే ఎదురుగా నేనున్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇన్నాళ్లూ మసగ్గా ఉండటమే నయం" అంది. డాక్టరు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. నీ మీద కోపమేం లేదు గానీ, వచ్చినప్పుడు ఆ పూలకుండీలన్నీ మెచ్చుకో. ఒక్కటి వదిలేసినా ఊరుకోదు.

నువ్వు కంపెనీ అంటే పెద్దగా ఊహించుకునేవు, మాది రేకుల షెడ్డు. షెడ్డు యజమాని మా పెద్దాయనతో కలిపి ముప్పై ఒక్క మందిమి. పదకొండేళ్లలో 386 కార్లు బయటికి పంపాం. సీట్లు, బెల్టులు నా చేతి పని. ఒక్కో సీటులోనూ నేను కూర్చుని, అటూ ఇటూ ఊగి, కిర్రుమనకపోతేనే వదుల్తాను. నా బరువు ఆపిన సీటు ఇంకెవరి బరువైనా ఆపుతుందని మావాళ్ల నమ్మకం.

కష్టసుఖాలు అడిగావు కదా, చెబుతా విను. మా కారు ఎక్కడన్నా గుద్దుకుంటే బయటి మెకానిక్కుల వల్ల కాదు. ఆ రేకు మేమే కొట్టాలి, ఆ రంగు మేమే కలపాలి. అందుకని తిన్నగా మా దగ్గరికే తెస్తారు. 'పిల్ల పుట్టింటికొచ్చింది' అంటాం. వచ్చిన పిల్లని ఏం జరిగిందే అని ఎవరం గుచ్చి గుచ్చి అడగం. ముక్కూ మొహం సరిచేసి, కొత్త రంగు వేసి, పది రోజులుంచుకుని సాగనంపుతాం. గుద్దిన కారని తెలిస్తే రేపు అమ్ముకునేటప్పుడు ధర రాదు, అందుకని వాళ్లు ఇన్సూరెన్సు మాటెత్తరు, పోలీసుల మాటెత్తరు. పుట్టింటివాళ్లం మేము మాత్రం నలుగురిలో చెప్పుకుంటామా? కిందటి నెల ఇద్దరు వచ్చారు. ఎర్రదానికి సీటు కింద నాలుగు బోల్టులూ మార్చాను. దానికీ అదే నొప్పి, దాని అక్కచెల్లెళ్లకీ అదే నొప్పి. నీలంది ముక్కు చప్పిడయ్యి ఇంకా ఓ మూల కూర్చునుంది. దాని పని పట్టాలి.

ఇవీ మా ఆడపిల్లల కబుర్లు. నీకు పనికొచ్చేవేవో ఏరుకో.

మీ మామయ్య


మార్చి 3

మామయ్యా,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆగలేక, ఎవరు రాశారో చెప్పకుండా, ఆ పుట్టింటి ముక్క మధ్యాహ్నం భోజనాల దగ్గర చదివి వినిపించాను. అందరూ ఒకటే నవ్వు. టైపిస్టు అయితే తన స్కూటరు కూడా పుట్టింటికి పోతానంటోందని రెండు రోజులు అదే పాట.

ఫైలు దాదాపు అయిపోయింది. 386 కార్లు, పదకొండేళ్లు, పోలీసు రికార్డుల్లో ఒక్క చావు లేదు, పెద్ద దెబ్బ లేదు. ఇన్సూరెన్సు క్లెయిములు మూడే మూడు, అవీ గీతలు పడ్డవి. ఇంత శుభ్రమైన కాగితం నేనెప్పుడూ చూడలేదు. మేడమ్‌కి చూపిస్తే ఆవిడ మాత్రం పెదవి విరిచింది. "ఇవి సెలవు రోజుల్లో షికారుకి తీసే కార్లు. ఈ 386 పదకొండేళ్లలో తిరిగిన దూరమంతా కలిపితే, బజార్లో ఎక్కువగా అమ్ముడుపోయే మామూలు కారు మోడలు ఒక్క రోజులో తిరుగుతుంది. ఒక్క రోజు ఎవరూ పోలేదని ఆ కారు మంచిదని రాస్తావా?" అంది. అంతటితో ఆగలేదు, "మూడే క్లెయిములంటే, అవి గుద్దుకోవడం లేదా, గుద్దుకున్నా మనదాకా రావడం లేదా?" అని కూడా అడిగింది.

నేను విచారించానన్నాను. చేతిపని, శ్రద్ధగా చేస్తారు, కొన్నవాళ్లు పసిపిల్లలా చూసుకుంటారని చెప్పాను. ఎవరిని విచారించావని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. సరే, ఫైలు నీది, తీర్పు నీది అంది. 'చాలా మంచిది' అని రాస్తున్నాను. ఇంకా ఎవరికీ చెప్పకు, పుస్తకం వచ్చేది ఏప్రిల్ మొదటి వారంలో.

మా పై అంతస్తువాళ్లు రోజూ మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి ఎందుకు జరుపుతారో నాకు అంతుపట్టడం లేదు. కొన్నాళ్లకి వాళ్ల మంచం మీద కూడా ఒక ఫైలు తెరుస్తాను.

పిట్ట


మార్చి 16

పిట్టా,

ఎవరికీ చెప్పకన్నావు. చెప్పేశాను. ఉత్తరం వచ్చిన సాయంత్రమే నోరాగక పెయింటరుతో అన్నాను, తెల్లారేసరికి పెద్దాయన చెవిన పడింది. అందరికీ టీ, కేకు తెప్పించాడు. నా భుజం తట్టి, నీ సీట్లకి సర్కారు వారి దండ పడిందయ్యా అన్నాడు. మా మేనకోడలని మాత్రం చెప్పలేదు, నీ మీద ఒట్టు. ఎవరో తెలిసినవాళ్లన్నాను. నువ్వు నన్ను దాచావు, నేను నిన్ను దాచాను, చెల్లుకి చెల్లు.

నీలంది సోమవారం వెళ్లిపోయింది. దాని యజమానికి తొందర, వెంటనే అమ్మేస్తాట్ట. ముక్కు పాతదానికంటే అందంగా వచ్చింది.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నా ఉత్తరం మొత్తం చదివావా, నవ్వొచ్చినంతవరకే చదివావా? భోజనాల దగ్గర వినిపించావని తెలిసినప్పటినుంచీ నాకేదోలా ఉంది. మీ మేడమ్ అడిగిన మాట తీసిపారేసేది కాదనిపించింది. ఆవిడ అనుభవం ఉన్న మనిషిలా ఉంది.

మీ అత్త అడుగుతోంది, ఎప్పుడొస్తావని.

మామయ్య


ఏప్రిల్ 8

మామయ్యా,

క్షమించు. నీ ఉత్తరం పదిమందిలో చదవడం తప్పే. ఇంటి కబుర్లు మధ్యాహ్నం టిఫిను డబ్బాల మీద పరిచినట్టయింది. నువ్వు నొచ్చుకున్నావని నీ మాటల్లోనే తెలిసిపోయింది. ఇక మీదట నీ ఉత్తరాలు తలుపు గడియ పెట్టుకుని చదువుతాను.

పుస్తకం వచ్చింది. మీ కారు 61వ పేజీ. ఆ పేజీ కత్తిరించి ఇందులో పెడుతున్నాను. కింద చిన్నక్షరాల్లో నా ఉద్యోగం నంబరు ఉంటుంది, భూతద్దం పెట్టి అత్తయ్యకి చూపించు, కొత్త కన్నుకి పని దొరుకుతుంది. నిన్న రైల్లో ఒకాయన ఆ పుస్తకం తిరగేస్తుంటే, 61 తియ్యండి అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను.

పిట్ట


ఏప్రిల్ 29

పిట్టా,

పేజీ చేరింది. మీ అత్త బల్ల మీది అద్దం కింద పెట్టింది.

ఆర్డర్లు ఎక్కువయ్యాయి. ఏడాదికి నలభై చేసేవాళ్లం డెబ్బై చెయ్యాలంటున్నాడు పెద్దాయన. ముందు చేసినవి కూడా చేతులు మారుతున్నాయి. పాత కార్లు ఎవరెవరో కొనుక్కుంటున్నారు, ఆ పేజీ చూసి.

నువ్వు ఐదో గడి ఒకటుందన్నావే, 'చెప్పలేం' అని. ఇప్పుడు మార్చి అక్కడ టిక్కు పెట్టడానికి వీలవుతుందా? ఊరికే అడుగుతున్నాను. కాదంటే వద్దు.

మామయ్య


మే 10

మామయ్యా,

ముప్పై ఏళ్లుగా పని పని అని ప్రాణం తీసుకున్న మనిషివి, ఇప్పుడు పని ఎక్కువైందని నా పేజీనే మార్చమంటావా? అత్తయ్యకి చెబితే బద్ధకం వచ్చిందని నీ మంచం ఎత్తేస్తుంది. ఇంకో ఇద్దరిని పెట్టుకోమని మీ పెద్దాయనతో చెప్పు. అచ్చయిన పుస్తకం వెనక్కి తీసుకోవాలంటే ఆఫీసులో నా తల తీసి మొలేస్తారు.

అత్తయ్యకి జూన్‌లో తప్పకుండా వస్తానని చెప్పు.

పిట్ట


జూన్ 21

మామయ్యా,

జూన్‌లో వస్తానన్నాను. రావడం లేదు. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియక రావడం లేదు.

మొన్న ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ భర్త బడిపిల్లలకి ఈత నేర్పే మాస్టారు. నలభై ఆరేళ్లు. కుర్రతనం నుంచీ ఇలాంటి కారు నడపాలని కోరికట, ఇన్నాళ్లకి ఏప్రిల్‌లో మీ కారు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్నాడు. కొనేముందు మా పుస్తకం చూశారు. మే నెల మధ్యలో, తక్కువ వేగంలోనే, కుక్క అడ్డొస్తే తప్పించబోయి కల్వర్టు గోడకి గుద్దాడు. కారు ముందుభాగం పెద్దగా నలగలేదు. కానీ సీటు అడుగు రేకులోంచి ఊడి వచ్చేసింది. బెల్టు మనిషిని సీటుకి గట్టిగానే పట్టుకుంది, సీటునే ఏదీ పట్టుకోలేదు. వెన్నుపూస విరిగింది. నడుం కింద స్పర్శ లేదు. ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. ఉత్తరం చివర ఆవిడ ఒక్క తిట్టు కూడా రాయలేదు. "మీ పుస్తకంలో 61వ పేజీ ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. తీసెయ్యాలంటే ఆయన కుర్చీలోంచి చూస్తుంటారు, చెయ్యి రావడం లేదు" అని రాసింది.

కారు నీలం రంగు.

ఇంటికొచ్చి నీ ఫిబ్రవరి ఉత్తరం తీశాను. తలుపు గడియ పెట్టుకుని చదివాను. సీటు కింద నాలుగు బోల్టులు. దాని అక్కచెల్లెళ్లకీ అదే నొప్పి. ఈ ముక్కలు నేను భోజనాల దగ్గర గట్టిగా చదివాను మామయ్యా. చదివి నవ్వాను. మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు నా సంచీలో ఉండగా, విచారించానని ఆవిడతో అన్నాను. మార్చిలో నువ్వు మొత్తం చదివావా అని అడిగితే నీకు నొప్పి కలిగిందేమో అనుకున్నాను. ఏప్రిల్‌లో పేజీ మార్చమంటే బద్ధకం అని వెక్కిరించాను.

ఇప్పుడు హాస్యం లేకుండా రాయి. ఎన్ని పుట్టింటికొచ్చాయి? ఎన్నిటికి ఆ బోల్టులు ఊడాయి? ఆ నీలంది ఇదేనా?

పిట్ట


జూన్ 30

పిట్టా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మీ అత్తకి నీ ఉత్తరం చూపించలేదు. ఏం రాసిందని అడిగితే, పనుల్లో ఉందిట అన్నాను.

పదకొండేళ్లలో ఇరవై రెండు వచ్చాయి. అందులో తొమ్మిదింటికి సీటు కింద రేకు చిరిగింది. సీటుని అడుగు రేకుకి నాలుగు బోల్టులతో బిగిస్తాం. రేకు కింద చొక్కా బొత్తామంత వాషరు ఉంటుంది. కారు తేలిగ్గా ఉండాలని ఆ రేకు పల్చగా పెట్టారు. దెబ్బ గట్టిగా తగిలితే వాషరుతో సహా బోల్టు రేకులోంచి దూసుకొచ్చేస్తుంది. కింద అరచెయ్యంత ఇనుప పలక వేస్తే రాదు. అంతే. పెద్ద విద్యేం కాదు. మొదట వచ్చినదానికే నాకు తెలిసిపోయింది. పెద్దాయనకి చెప్పాను. బరువు పెరుగుతుంది, అన్నిటినీ వెనక్కి పిలిస్తే షెడ్డు మూసుకోవాలి, పుట్టింటికొచ్చిన వాటికి వేసి పంపు చాలన్నాడు. అలాగే వేస్తూ వచ్చాను. రానివాటికి ఎవరూ చెప్పలేదు. ఆ తొమ్మిదింటిలో ఉన్నవాళ్లు అదృష్టం బాగుండి వాపులతో బయటపడ్డారు. ఆ అదృష్టాన్ని నేను నా పనితనం అనుకోవడం మొదలుపెట్టాను.

నిజం ఒప్పుకుంటాను. ఫిబ్రవరి ఉత్తరం నేను పరధ్యానంగా రాసింది కాదు. నీకు చెప్పాలనే రాశాను. చెప్పినట్టూ ఉండాలి, చెప్పనట్టూ ఉండాలి, అందుకని జోకు చేశాను. తెలివైన పిల్ల, పట్టేస్తుందిలే, పట్టేస్తే పాపం నాది కాదు, పట్టకపోతే నేను చెప్పాను కదా అనుకున్నాను. యాభై తొమ్మిదేళ్లొచ్చాక, ఎత్తుకుని తిప్పిన పిల్ల భుజం మీద నా బరువు పెట్టి నేను పక్కకి తప్పుకున్నాను.

ఏ కారుకి ఎప్పుడు ఏం మార్చానో నా దగ్గర చిన్న నోటుపుస్తకం ఉంది. జేబులో పట్టేది. అది అడగకు. ముప్పై ఒక్క మంది కడుపులు దాని మీద ఉన్నాయి. నవంబరులో నా ఉద్యోగం పూర్తవుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టగలవా? 

నీలంది గురించి మళ్లీ రాస్తాను.

మామయ్య


జూలై 11

మామయ్యా,

నవంబరుదాకా ఓపిక పట్టమన్నావు. నిన్ను తిట్టాలనే కలం తీశాను. కానీ ఆ నర్సు ఉత్తరం వచ్చి రెండు వారాలు దాటేదాకా నేనూ నోరు కుట్టుకునే కూర్చున్నానని గుర్తొచ్చింది. రోజూ మేడమ్ గది తలుపుదాకా వెళ్లి, ఏదో కాగితం కావాలన్నట్టు వెనక్కి వచ్చేదాన్ని. నేను కాపాడుకుంటున్నది ఏమిటో తెలుసా? ఒక కుర్చీ. నువ్వు కనీసం ముప్పై ఒక్క కడుపులన్నావు.

ఆదివారం ఈత మాస్టారి ఇంటికి వెళ్లాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయన కుర్చీ కిటికీ దగ్గర వేశారు. పక్కన బల్ల మీద ఈల ఉంది, పిల్లల్ని పిలిచే ఈల. ఆ పేజీ రాసింది నేనేనని చెప్పాను. ఆయన భార్య లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన మాత్రం నన్ను కూర్చోమన్నాడు. "మీరు ఎప్పుడైనా ఆ కార్లో కూర్చున్నారా?" అని అడిగాడు. లేదన్నాను. "సీటు చాలా బాగుంటుంది" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు మామయ్యా, మామూలుగానే అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నీ సీటని చెప్పలేకపోయాను.

సోమవారం పొద్దున్నే మేడమ్‌కి అంతా చెప్పాను. నువ్వెవరో, నీ ఉత్తరం సంగతి, విచారించానని చెప్పిన అబద్ధం. ఆవిడ గొంతు పెంచలేదు. ఫైలు నా చేతుల్లోంచి తీసుకుని తన సొరుగులో పెట్టుకుంది. ఇక నేను తీర్పులు రాయను. కాగితాలు సర్దే గదికి మార్చారు.

ఆఫీసు నుంచి మీ పెద్దాయనకి నోటీసు వెళ్లింది. ఆయన జవాబు చూశాను. "386లో ఒకటి. ఒక్క ప్రమాదాన్ని బట్టి ఏం చెబుతారు? పదకొండేళ్లు ఏమీ కాలేదని మీరే కదా రాశారు" అన్నాడు. నా పేజీ నాకే చూపించాడు. కార్లు తక్కువ కాబట్టి చరిత్ర శుభ్రంగా కనిపించింది, మంచిదని నేను రాశాను. అవే కార్లు తక్కువ కాబట్టి చెడ్డదని ఇప్పుడెవరూ నిరూపించలేరు. ఆ బొత్తామంత వాషరు మీద ఇంకా మూడు వందల అరవై పైగా కార్లు తిరుగుతున్నాయి. వాటన్నిటినీ ఆపగలిగింది నీ జేబులో పుస్తకం ఒక్కటే.

ఫిబ్రవరి ఉత్తరం నా దగ్గరుంది. నీ పేరు, ఇంటి కబుర్లు, ఆ జోకు కొట్టేసి ఇస్తాను, నువ్వు సరేనంటే. నోటుపుస్తకం మాత్రం నువ్వే ఇవ్వాలి. నేను మేనకోడలిగా అడగడం లేదు. అడిగే హక్కు ఆ పేజీతోనే పోయింది.

పిట్ట


జూలై 19

పిట్టా,

నోటుపుస్తకం ఈ కవరులోనే ఉంది. నూనె మరకలకి ఏమీ అనుకోవద్దని మీ మేడమ్‌కి చెప్పు. లోపల అంకెలు అర్థమవుతాయి.

దొంగచాటుగా పంపడం ఇష్టం లేక ముందు పెద్దాయనకి చూపించాను. చాలాసేపు పేజీలు తిప్పాడు. చించేస్తాడేమోనని చూశాను, చించలేదు. షెడ్డు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లమన్నాడు. పెట్టాను. పదకొండేళ్లు నా పక్కన నిలబడి పనిచేసిన పెయింటరు తల పైకెత్తలేదు. వాళ్లింట్లో ఇద్దరు పిల్లలు. అతన్ని తప్పు పట్టను. ఇంటికొచ్చి మీ అత్తకి మొదటినుంచీ చెప్పాను. ఆవిడ లేచి వెళ్లి, బల్ల మీది అద్దం కింద నుంచి నీ పేజీ తీసి, మడిచి, నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నీలందాని గురించి. కిందటి ఉత్తరంలో దాటేశాను.

మార్చి తొమ్మిదో తేదీ పేజీ చూడు. అది దాని పేజీ, 214వ నంబరు. పుట్టింటికొచ్చిన ప్రతిదానికీ నేను పలక వేశానని రాశాను కదా. ఇరవై ఒక్క కార్లకి వేశాను. దీనికి కూడా వేద్దామని సీటు విప్పాను, పలకలు కోసి పక్కన పెట్టుకున్నాను. పూటంతా పట్టే పని. అప్పుడే పెద్దాయన కేకు పట్టుకుని వచ్చాడు. సర్కారువాళ్లే చాలా మంచిదంటుంటే ఇంకా దాని పొట్ట కోస్తావేమిటయ్యా, యజమాని బయట నిలబడి ఉన్నాడు, బిగించి పంపెయ్యి అన్నాడు. కాదనొచ్చు. ఇంతకుముందు చాలాసార్లు కాదన్నాను. ఆ రోజు నాకేమనిపించిందో తెలుసా? లెక్కలు చదువుకున్న పిల్ల, నా పిట్ట, అన్నీ చూసి మంచిదని రాసింది, బహుశా నేనే ఇన్నేళ్లూ అనవసరంగా భయపడ్డానేమో అనిపించింది. పాత వాషర్లే వేసి బిగించాను. నువ్వు నా మాట నమ్మి రాశావు, నేను నీ రాత నమ్మి బిగించాను. ఆ పేజీలో 'పలకలు' అని రాసి, దాని మీద గీత కొట్టి, 'అవసరం లేదు' అని రాసి ఉంటుంది. అది నా చేతి రాతే. సంతకం కూడా ఉంది.

కూర్చుని ఊగి చూశాను కూడా. కిర్రుమనలేదు.

ఫిబ్రవరి ఉత్తరం ఇచ్చెయ్యి. నా పేరు కొట్టెయ్యకు. ఆ పుట్టింటి జోకు కూడా కొట్టెయ్యకు. నేను ఎలా చెప్పానో వాళ్లకి తెలియాలి.

ఈత మాస్టారి ఇంటి చిరునామా పంపు. నువ్వు తోడు రానక్కర్లేదు, రెండంతస్తులు ఎక్కగలను. ఆ సీటు బిగించింది నేనేనని ఆయన ముందు నిలబడి చెప్పాలి. ఆయనేం అన్నా నాకు వినపడదు, అదే నా భయం. వినపడలేదన్న వంకతో తల ఊపి లేచి వచ్చేస్తానేమోనని. అందుకని ఒక కాగితం, పెన్సిలు తీసుకెళ్లి ఆయన చేతికిస్తాను. అనదలుచుకున్నదంతా రాయమంటాను. ఆయన ఎదురుగానే కూర్చుని మొత్తం చదువుతాను.

మామయ్య